అప్‌డేట్: 1500డి నుంచి ఫుల్‌ఫ్రేమ్‌కి మారాలా అని అడిగాను కదా, చివరికి ఇలా తేలింది

బరంపురం నుంచి. రంభ దగ్గర చిలికాలో తీసిన పక్షుల ఫొటోలు అన్నీ మసకగా వస్తున్నాయని, నా కెనాన్ 1500డి కెమెరా అమ్మేసి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) కొనాలా అని అడిగింది నేనే.

"ముందు ఆ యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే అద్దం) పీకి చూడండి" అన్నవారికి దండం. 55-250 ఎస్‌టీఎమ్ లెన్స్ కొన్నప్పుడు షాపువాళ్లు ఊరికే బిగించి ఇచ్చారు, మూడేళ్లుగా తియ్యనే లేదు. మర పట్టేసింది. రబ్బరు బ్యాండు చుట్టి తిప్పితే వచ్చింది. ఆ సాయంత్రం మా డాబా మీద వాలిన గోరింకను తీస్తే, కంటి చుట్టూ ఉండే పసుపు మచ్చ అంచుతో సహా వచ్చింది! సగం గోల అక్కడే తీరింది.

మిగతా సగం ఎగిరే పక్షులది. 1500డికి ఫోకస్ పాయింట్లు (ఫ్రేములో ఫోకస్ పట్టగల చోట్లు) 9 మాత్రమే, సెకనుకి 3 ఫొటోలే. కెనాన్‌దే ఆర్10 కెమెరా రెండు రోజులు అద్దెకు తెచ్చి చూశాను, ఫోకస్ పక్షి కన్ను పట్టుకుంటే వదలదు. అదే కొన్నాను. పాత లెన్సే అడాప్టర్‌తో (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే రింగు) నడుస్తోంది. పాత బ్యాటరీలు మాత్రం దీనికి పట్టవు, ఆ ఖర్చు లెక్కేసుకోండి.

ఫుల్‌ఫ్రేమ్ వద్దన్నవాళ్ల మాటే నిజం. ఈ రెండు కెమెరాల చిన్న సెన్సర్ వల్ల 250 ఎంఎం లెన్స్ 400లా దగ్గరగా చూపిస్తుంది, ఫుల్‌ఫ్రేమ్ కొంటే అది పోగొట్టుకునేవాణ్ణి. మెగాపిక్సెళ్ల గురించి నేను పడ్డ టెన్షన్ దండగ, రెండు కెమెరాలవీ 24 చిల్లరే.