నేషనల్ టీమ్‌తో గోల్డ్ లేని క్రిస్టినా నియాగును ఆల్‌టైమ్ బెస్ట్ అనొచ్చా?

లెఫ్ట్‌బ్యాక్_రవి:
రొమేనియా హ్యాండ్‌బాల్ స్టార్ నియాగు 2025లో ఆటకు వీడ్కోలు చెప్పింది. అప్పటి నుంచీ ఇదే వాదన వింటున్నాను: "దేశానికి ఒక్క గోల్డ్ కూడా తేలేదు కదా, బెస్ట్ ఎలా అవుతుంది?" నాకు ఇది అన్యాయంగా అనిపిస్తోంది. 2010, 2015, 2016, 2018లో నాలుగుసార్లు వరల్డ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. యూరప్ క్లబ్‌ల అతిపెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గోల్స్‌లో హంగేరీ దిగ్గజం గోర్బిచ్‌నే దాటేసింది. ఇంకేం కావాలి?

సుజాత_పీఈటీ:
రవి గారూ, గోల్స్ లెక్క ఒక్కటే చూస్తే ఎలా? టీమ్ మొత్తం ఆమెకే బాల్ ఇస్తే గోల్స్ వస్తాయి. నార్వే ప్లేమేకర్ ఒఫ్తెదాల్‌ను చూడండి. 2015, 2021లో వరల్డ్ టైటిల్స్, 2024 పారిస్‌లో ఒలింపిక్ గోల్డ్. పక్కవాళ్లకు గోల్ దారి తెరిచే ఆట ఆమెది. నియాగుకు రొమేనియాతో వచ్చినవి 2010 యూరోలో (యూరప్ దేశాల ఛాంపియన్‌షిప్), 2015 వరల్డ్‌లో బ్రాంజ్‌లు మాత్రమే. 2016 రియోలో గ్రూప్ దశే దాటలేదు.

లెఫ్ట్‌బ్యాక్_రవి:
ఆ 2015 బ్రాంజ్ ఎలా వచ్చిందో చూడండి మేడమ్. నాకౌట్‌లో అప్పటి ఛాంపియన్ బ్రెజిల్‌నూ, సొంతగడ్డ మీద ఆడుతున్న డెన్మార్క్‌నూ ఓడించారు. సెమీస్‌లో నార్వేను ఎక్స్‌ట్రా టైమ్ దాకా లాక్కెళ్లారు. మూడో స్థానంలో నిలిచిన టీమ్ నుంచి టోర్నీ ఎంవీపీగా (అత్యుత్తమ ప్లేయర్‌గా) ఎంపికైంది నియాగు! నార్వే బెంచ్ మీద కూర్చునేవాళ్లు చాలా దేశాల్లో మెయిన్ టీమ్‌లో ఆడతారు. రొమేనియాకు ఆ సౌకర్యం ఎక్కడిది?

కిరణ్77:
దేశం మాట సరే అన్నా, క్లబ్ సంగతి? ఆమె తర్వాత చేరిన మాంటెనెగ్రో క్లబ్ బుదుచ్‌నోస్ట్ 2012లో ఆమె లేకుండానే యూరప్ ఛాంపియన్. రొమేనియా క్లబ్ సీఎస్‌ఎం బుకారెస్ట్ కూడా 2016లో ఆమె లేకుండానే గెలిచింది. 2017లో ఆమె వచ్చాక ఎనిమిది సీజన్లలో ఒక్కసారి కూడా ఛాంపియన్స్ లీగ్ రాలేదు. అంతకుముందు రొమేనియా క్లబ్ ఓల్ట్‌చిమ్‌తో 2010 ఫైనల్లో డెన్మార్క్ క్లబ్ వైబోర్గ్ చేతిలో ఓటమి. మొత్తం కెరీర్‌లో 2015లో బుదుచ్‌నోస్ట్‌తో ఒక్కటే. నాకు ఇదే పెద్ద లోటు.

మాధవి_హెచ్:
కిరణ్, మంచి పాయింటే. కానీ ఆ ఒక్క టైటిల్‌కు ముందు ఆమె ఏ స్థితిలో ఉందో కూడా చెప్పాలి. 2010లో వరల్డ్ బెస్ట్ అయ్యాక భుజం దెబ్బతింది. షాట్ కొట్టే చేతికి! తర్వాత మోకాలు. 2013లో డబ్బుల్లేక ఓల్ట్‌చిమ్ కుప్పకూలింది. ఆ పరిస్థితిలో మాంటెనెగ్రో వెళ్లి, రెండేళ్లలో నార్వే క్లబ్ లార్విక్‌ను ఓడించి యూరప్ ఛాంపియన్ అయింది. నేను ఫిజియోగా పని చేస్తాను. పెద్ద ఆపరేషన్ల తర్వాత అదే వేగంతో షాట్ కొట్టడానికి ఎంత ధైర్యం కావాలో మా దగ్గరికి వచ్చే ఆటగాళ్లను చూస్తే తెలుస్తుంది.

2018 యూరో కూడా గుర్తుచేసుకోండి. హంగేరీతో మ్యాచ్‌లో ఆమె మోకాలి లిగమెంట్ తెగింది. అప్పటిదాకా అదరగొట్టిన రొమేనియా ఆమె లేకుండా సెమీస్‌లో రష్యాతో, మూడో స్థానం కోసం నెదర్లాండ్స్‌తో ఓడిపోయి నాలుగో స్థానంలో మిగిలింది. ఆమె విలువ ఆ రెండు మ్యాచ్‌ల్లో నాకు కనిపించింది.

సుజాత_పీఈటీ:
2018 విషయం ఒప్పుకుంటున్నాను మాధవి గారూ. లెఫ్ట్ బ్యాక్‌లలో (ఎడమవైపు వెనక నుంచి షాట్లు కొట్టేవాళ్లలో) ఆమెదే మొదటి పేరు, అందులో గొడవ లేదు. అయినా మొత్తం ఆటలో బెస్ట్ ఎవరంటే నా ఓటు ఒఫ్తెదాల్‌కే.