హాల్లో 12 ప్యానెల్ లైట్లు పెడితే కరెంటు ఆదానా, అదనమా?

గిర్మాజిపేట పాతిల్లు:
మాది నాన్న సర్వీసులో ఉన్నప్పుడు కట్టించిన ఇల్లు. పైన ఇంకో అంతస్తు లేదు. ఇప్పుడు రంగులు, వైరింగ్, వంటిల్లు అన్నీ మార్పిస్తున్నాం. హాలు 12 బై 18 అడుగులు, పాత చోక్ ట్యూబ్‌లైట్లు రెండున్నాయి. కాంట్రాక్టరేమో ఫాల్స్ సీలింగ్ వేసి, 12 వాట్ల ఎల్‌ఈడీ ప్యానెళ్లు 12, చుట్టూ స్ట్రిప్ లైటు పెడదాం, కరెంటు సగానికి సగం తగ్గుద్దంటున్నాడు. నాన్న మాత్రం "ఆ రెండు తీసి ఎల్‌ఈడీవి రెండు బిగించు, అయిపాయె" అంటున్నాడు. మధ్యలో నేను నలుగుతున్నా. మీరైతే ఏం చేస్తారు?

కాజీపేట వైర్‌మన్:
తమ్మీ, ముందు లెక్క చూద్దాం. పాత ట్యూబ్ 40 వాట్లు, దాని చోక్ తినేది ఇంకో 12 నుంచి 15. రెండూ వేస్తే 110 దాకా. మీ కాంట్రాక్టర్ చెప్పే ప్యానెళ్లు 144 వాట్లు, స్ట్రిప్ కాకుండానే. ఇక తగ్గేదెక్కడ? నాన్న అన్నట్టు 20 వాట్ల బ్యాటెన్లు (పట్టీలాంటి ఎల్‌ఈడీ ట్యూబులు) రెండు పెడితే 40తో పోతుంది, వెలుతురూ పెద్దగా తగ్గదు. ఎల్‌ఈడీ మంచిదే, కాదన్నదెవరు? ఎన్ని పెడుతున్నాడో అది చూడు.

సుబేదారి డిజైనర్:
సగం లెక్కే చెప్పావన్నా. 12 ప్యానెళ్లూ రోజూ ఎవరు వేస్తారు? నాలుగేసి చొప్పున మూడు స్విచ్‌లకు విడదీస్తే మామూలుగా వెలిగేది 48 వాట్లే. చుట్టాలొచ్చిన నాడు అన్నీ వేసుకుంటారు. రెండు బ్యాటెన్లతో అంత హాలు సమంగా వెలగదు. టీవీ గోడ తెల్లగా మెరుస్తుంది, పెద్దాయన పేపర్ చదివే మూల మసకగా ఉంటుంది. పైగా ఎండాకాలం స్లాబ్ సెగ సీలింగ్ ఉంటే కొంత ఆగుతుంది.

కాజీపేట వైర్‌మన్:
స్విచ్‌లు విడదీసే మాట బాగుంది. అది కాంట్రాక్టర్‌తో కాగితం మీద రాయించుకో, చాలామంది అన్నిటినీ ఒక్క స్విచ్‌కే లాగి పోతారు. కానీ ఆ సెగ ఎక్కడ ఆగుతుందనుకున్నారు? డ్రైవర్ ఉండే చోటే. ప్యానెల్ వెనక వైరుకు వేలాడే చిన్న తెల్ల డబ్బా అదే, కరెంటును ఎల్‌ఈడీకి సరిపడేలా మార్చేది. మాడిన ప్యానెళ్లలో ఎక్కువ శాతం ఎల్‌ఈడీ చుక్కలు బాగానే ఉంటాయి, పోయేది డ్రైవర్. విప్పి చూస్తే లోపల గొట్టంలాంటి కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంటుంది. మన మే నెల ఎండకు, గాలాడని ఆ జానెడు సందులో అదెన్నాళ్లు ఆగుతుంది?

డ్రైవర్ ఒక్కటీ మార్చుకోవచ్చు, మిల్లీ ఆంపియర్లు, వోల్టులు పాతదానితో కలవాలి. ప్యానెలే పోతే తిప్పలు. సీలింగ్‌కు కోసిన రంధ్రం ఒక సైజు, నాలుగేళ్ల తర్వాత షాపులో దొరికేది ఇంకో సైజు. బ్యాటెన్ అయితే రెండు స్క్రూలు విప్పితే అయిపోతుంది.

వంటింటి పక్షం:
అందరూ హాలు గురించే కొట్టుకుంటున్నారు! వంటింట్లో లైటు నడిమధ్యన పెడతారు. మనం గట్టు దగ్గర నిలబడితే మన నీడే కత్తిపీట మీద పడుతుంది. లైటు ఎంత పెద్దదైనా అంతే. పై అల్మారాల కింద, వెలుతురు గట్టు మీద పడేలా రెండడుగుల బ్యాటెన్ ఒకటి పెట్టించండి, 10 వాట్లు చాలు. గోంగూరలో పురుగు కనబడాలి కదా. ఇంకోటి, వైరింగ్ పనంతా అయ్యాక అడిగితే మళ్లీ గోడ కోయాలంటారు. ఇప్పుడే చెప్పండి.

అన్ని గదులకూ 6500 కెల్విన్ తెల్ల లైట్లు తెస్తే ఇల్లంతా ఆస్పత్రిలా ఉంటుంది. కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపుగా ఉంటుంది. పడకగదికి 3000, వంటింటికి 4000 బాగుంటాయి.

లైన్ మీద పనిచేసినోణ్ణి:
ఎల్‌ఈడీ బల్బులు చౌకగా ఇచ్చిన ఉజాలా పథకం రోజుల్లో 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెడితే బిల్లులో తేడా కనిపించేది. ట్యూబ్‌లైటు దగ్గర అంత రాదు. 110 నుంచి 40కి దిగితే రోజుకు 6 గంటల చొప్పున నెలకు 12, 13 యూనిట్లు మిగులుతాయి. గృహజ్యోతి (తెలంగాణ ఉచిత కరెంటు పథకం) వస్తున్న ఇల్లైతే అవీ ముఖ్యమే. 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, దాటితే మొత్తం కట్టాల్సిందే. 205, 210 దగ్గర కొట్టుకునే ఇళ్లు మన దగ్గర బోలెడు.

అసలు తినేది ఫ్యాన్లు. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారుది) 30 దగ్గర. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు నెలకు 20 యూనిట్లు మిగులు. సీలింగ్ డబ్బులు ఫ్యాన్లకు పెట్టు బాబూ.

గిర్మాజిపేట పాతిల్లు:
ఫ్యాన్ల సంగతి కాంట్రాక్టర్ ఎత్తనే లేదు! ఇంకో డౌట్. వెనక గదిలో ఎల్‌ఈడీ బల్బు ఆపినా సన్నగా మినుకుమంటోంది. బల్బు లోపమా?

కాజీపేట వైర్‌మన్:
స్విచ్‌లో ఇండికేటర్ (చిన్న దీపం) ఉంటే దాని కరెంటుకే కొన్ని బల్బులు అలా వెలుగుతాయి, భయం లేదు. ఇండికేటర్ లేకపోతే మాత్రం స్విచ్‌కు ఫేజ్ (షాక్ కొట్టే తీగ) బదులు న్యూట్రల్ లాగి ఉండొచ్చు. అట్లయితే స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజ్ ఉన్నట్టే, బల్బు మార్చబోతే షాక్ కొడుతుంది. నువ్వు చెయ్యి పెట్టకు. వైర్‌మన్‌తో ఆ గది స్విచ్‌లన్నీ చూపించు. లైట్ల ముచ్చట తర్వాత, ముందు ఇది.

సుబేదారి డిజైనర్:
ఈ మాటకు నేనూ ఓటేస్తా. కానీ సీలింగ్ మీద నా మాట మారదు. హాలంతా వద్దనుకుంటే సోఫా వైపు మూడడుగుల వెడల్పున సీలింగ్ మాత్రం వేయించండి, నాలుగు ప్యానెళ్లు చాలు. మిగతా హాలుకు బ్యాటెన్.

గిర్మాజిపేట పాతిల్లు:
నాన్నకు అన్నీ చదివి వినిపించా. నాలుగు ప్యానెళ్లకు ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఫ్యాన్ల రేటు మాత్రం కనుక్కు రమ్మన్నాడు.

కాజీపేట వైర్‌మన్:
కొనేటప్పుడు వాట్స్‌తో పాటు డబ్బా మీద ల్యూమెన్లు (వెలుతురు లెక్క) కూడా చూడు. 20 వాట్ల బ్యాటెన్‌కు 2000 దాకా ఉండాలి. బిల్లు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో. ఆ మెషిన్ కాగితం మీద అక్షరాలు ఏడాదికే మాయమైతయ్, వారంటీకి పోతే తెల్ల కాగితం చూపించాల్సొస్తది.