సిజౌ పూల దిండ్లు పేదోళ్ళ సామానేనా?

గోదారి_వాసు: సోంగ్, జిన్ రాజుల కాలంలో ఉత్తర చైనాలో మట్టితో చేసి కాల్చిన సిజౌ సామాను, అదే తెలుపు మీద నల్ల పూలూ పద్యాలూ ఉన్న దిండ్లు, కూజాలు, ఇవన్నీ పేదోళ్ళవని ప్రతి వీడియోలో ఊదరగొడుతున్నారు. నేను నమ్మను. చదువు రాని ఇంట్లో పద్యం రాసిన దిండెందుకండీ?

ఆవం_బిడ్డ: వాసు గారూ, ముందు తయారీ చూడండి. ముతక మట్టి, అది కనపడకుండా తెల్లమట్టి పూత, దానిమీద ఇనుము ఉన్న నల్ల రంగుతో చకచకా గీసేసి పైన గాజులా మెరిసే గ్లేజ్ పోసి కాల్చేవాళ్ళు. ఇందులో ఖరీదైంది ఏముంది? 1108 వరదలో ఉత్తర చైనాలోని జూలూ ఊరు మునిగింది, 1920 ప్రాంతంలో ఆ ఒండ్రు కింద నుంచి ఇలాంటి సామానే తీశారు. సమాధుల్లోవి కాదు, జనం బతికిన ఊళ్ళోవి.

చిట్టి_హైదరాబాద్: అంత గట్టి దిండు మీద నిద్రెలా పట్టేదో

గోదారి_వాసు: జూలూ కౌంటీ కేంద్రం అండీ, పల్లెటూరు కాదు. పైగా దిండ్ల అడుగున "జాంగ్ కుటుంబం చేసింది" అని ముద్ర ఉంటుంది. పేరు చూసి కొనేవాడు ఉంటేనే కదా ముద్ర కొట్టేది?

రవి_నెల్లూరు: సోంగ్ కంటే ముందు టాంగ్ రాజుల కాలంలో చేసిన చాంగ్షా కూజాల మీదా పద్యాలున్నాయి. ఇండోనేషియా దగ్గర మునిగిన బెలితుంగ్ ఓడలో వేలకొద్దీ చాంగ్షా గిన్నెలు దొరికాయి.

గోదారి_వాసు: అది ఎగుమతి సరుకు, ఇక్కడ ప్రశ్న అది కాదు.

ఆవం_బిడ్డ: మీ పంతం మీదే. మా నాన్న చేసిన కూజాలు ఒక ఎగ్జిబిషన్‌లో పెట్టి కింద "గ్రామీణ కళ" అని రాశారు, పక్కన పెయింటింగ్‌కి మాత్రం ఆర్టిస్టు పేరు. చవక సామాను అనగానే చేసినవాడు మాయమైపోతాడు, మీరిప్పుడు వాడుకున్నవాళ్ళని కూడా మాయం చేసేస్తున్నారు.

గోదారి_వాసు: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే, కానీ సోంగ్ కాలానికి అది సాక్ష్యం ఎలా అవుతుంది? మా నాయనమ్మ ఇంట్లో రెండు సత్తు కంచాలు తప్ప ఏమీ లేవు. రేపెవడో పట్నంలో దొరికిన పూల ప్లేట్లు చూపించి అప్పటి పేదోళ్ళు ఇందులోనే తిన్నారు అంటే ఆవిడ లేమి అబద్ధమైపోదూ? నా బాధంతా అదే, మీ జాంగ్ మీద నాకేం కోపం లేదు.

ఆవం_బిడ్డ: ఇది మొదటే చెప్పాల్సింది. కొన్నది పట్నం దుకాణదారులే అనుకోండి, అయినా రాజుగారికి పంపిన రు అనే మేలురకం మట్టి సామాను మీద లేని కుమ్మరి పేరు ఈ చవక దిండు మీద ఉంది, నేను దాని గురించే మాట్లాడుతున్నా.

గోదారి_వాసు: అయితే దుకాణదారుల దిండు అనండి, పేదోళ్ళది అనకండి.

ఆవం_బిడ్డ: కుమ్మరి దిండు అంటాను.