అర్ధరాత్రి మాత్రమే స్లామ్‌షట్ పడుతోంది, ఎందుకు?

నైట్‌షిఫ్ట్: మా గ్యాస్ ప్రెజర్ తగ్గించే స్టేషన్‌లో రెగ్యులేటర్‌కి ఇన్‌లెట్ 4 బార్, అవుట్‌లెట్ 100 మిల్లీబార్. పగలంతా ముల్లు కదలదు. వాడకం ఆగిపోయాక ప్రెజర్ మెల్లగా ఎక్కి, 140 దాటగానే స్లామ్‌షట్ (ప్రెజర్ మరీ పెరిగితే గ్యాస్ ఆపేసే సేఫ్టీ వాల్వ్) పడుతోంది. పొద్దున్నే ఫోన్ల మీద ఫోన్లు. వారంలో ఇది మూడోసారి. సెట్టింగ్ 160కి పెంచేద్దామంటున్నారు మావాళ్లు.

పాతస్పానర్: పెంచొద్దు బాబూ, కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టినట్టుంటుంది. ఆ లైన్ వాడకంలో లేనప్పుడు అవుట్‌లెట్ వాల్వ్ మూసి గేజ్ చూడు. కాస్త పెరిగి ఆగితే అది లాకప్, అంటే రెగ్యులేటర్ పూర్తిగా మూసుకుంది, మామూలే. ఆగకుండా ఎక్కుతుంటే రెగ్యులేటర్ మూసుకునే సీటు పాస్ అవుతోంది, అంటే మూసినా గ్యాస్ జారుతోంది. సెన్సింగ్ లైన్ (అవుట్‌లెట్ ప్రెజర్‌ని రెగ్యులేటర్‌కి చేరవేసే సన్న గొట్టం) ఆ వాల్వ్‌కి ఇవతల, రెగ్యులేటర్ వైపు ఉందో లేదో ముందే చూసుకో. అవతల ఉంటే రెగ్యులేటర్‌కి అసలు ప్రెజర్ తెలియదు, బార్లా తెరుచుకుంటుంది.

లెక్కలపిచ్చి: ఎండ సంగతీ చూడండి. మూసిన పైపులో గ్యాస్ 10 డిగ్రీలు వేడెక్కితే 35-40 మిల్లీబార్లు పెరుగుతుంది. మాకు పొద్దున తొమ్మిదింటికి పడేది, నీడ కడితే పోయింది.

నైట్‌షిఫ్ట్: మాది రాత్రి రెండు, మూడు గంటలకండీ. ఎండ కాదు.

కందిరీగ: రెగ్యులేటర్ వెంట్ (గాలి ఆడే రంధ్రం) కూడా ఓసారి చూడండి. మా దాంట్లో కందిరీగ మట్టిగూడు కట్టింది. డయాఫ్రమ్ (ప్రెజర్‌ని బట్టి కదిలే పొర) పైన గాలి ఆడక, లోడ్ మారినప్పుడల్లా ప్రెజర్ ఊగేది. ఇప్పుడు జాలీ పెట్టి, వెంట్ మూతి కిందికి తిప్పాం.

నైట్‌షిఫ్ట్: అన్నా, చెప్పినట్టే చేశాను. ముల్లు ఆగలేదు. రెండువైపులా ప్రెజర్ సున్నా చేసి విప్పితే, సీటు రబ్బరులో ఆవగింజంత వెల్డింగ్ ముక్క దిగబడి ఉంది. సీటు మార్చాను. మూడు రోజులు బాగుంది, మళ్లీ అదే కథ.

పాతస్పానర్: ముక్క ఎక్కణ్నుంచి వచ్చిందో చూడకుండా సీటు మారిస్తే అంతే మరి. ఫిల్టర్ విప్పావా? ఈ మధ్య ఇన్‌లెట్ వైపు కొత్త పైపు కలిపారా?

నైట్‌షిఫ్ట్: కలిపారు, పోయిన నెలే. ఫిల్టర్ ఎలిమెంట్ అంచు చిరిగి ఉంది. డిఫరెన్షియల్ గేజ్ (ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెజర్ తేడా చూపేది) దాదాపు సున్నా చూపిస్తుంటే ఫిల్టర్ శుభ్రంగా ఉందనుకున్నాం!

పాతస్పానర్: చిరిగినదానికీ సున్నానే చూపిస్తుంది. ఎలిమెంట్, సీటు రెండూ మార్చు. ఇన్‌లెట్ మాత్రం చాలా నెమ్మదిగా తెరువు, జాయింట్లన్నిటికీ సబ్బునీళ్లు పట్టించు.

నైట్‌షిఫ్ట్: వారమైంది. రాత్రిళ్లు 108 దగ్గర ఆగుతోంది.