పాత టేకు బల్లలకి శానిటైజర్ వాడొచ్చా?

ముందుగది: మా ఆఫీసులో వెనక గదిలో పాత టేకు బల్లలు, స్పిరిట్ పాలిష్ పెట్టినవి. ముందు హాల్లోవి సన్‌మైకా అంటించినవి. కరోనా నాటి అలవాటు పోక అటెండరు ఇప్పటికీ రోజూ అన్నిటికీ శానిటైజర్ కొట్టి తుడిచేస్తాడు. సన్‌మైకావి బాగానే ఉన్నాయి. టేకువి చెయ్యి పెడితే జిగట, ఫైలు పెడితే అంటుకుపోతోంది. "శుభ్రం కావాలా, మెరుపు కావాలా సార్?" అంటాడు. మేనేజరుగారూ ఆయన పక్షమే. మీరేమంటారు?

చెక్కపని: రోజూ కాస్త కాస్త పాలిష్ ఊడదీస్తున్నాడండీ ఆయన. స్పిరిట్ పాలిష్ అంటే లక్కని స్పిరిట్‌లో కరగబెట్టి, దూది చుట్టిన గుడ్డతో పొర మీద పొర రుద్దడమే. దేంట్లో కరిగించారో దాన్నే మళ్లీ పోస్తే కరక్కేం చేస్తుంది? శానిటైజర్‌లో 70 శాతం అటూఇటూగా ఉండేది ఆల్కహాలే. సన్‌మైకా అలా కాదు, రెజిన్ పట్టించిన కాగితాల్ని వేడి మీద అదిమి చేసిన రేకు. స్పిరిట్ దాన్నేం చెయ్యలేదు.

ఏ బల్ల ఏదో తెలియకపోతే అడుగుభాగాన, ఎవరికీ కనపడని చోట, దూదితో ఒక్క చుక్క స్పిరిట్ అద్దండి. జిగురెక్కి దూదికి రంగంటితే లక్కే. ఏమీ కాకపోతే పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ రకం పూత) లాంటిదేదో అయ్యుంటుంది.

బేగంపేట్ బస్సు: మంచిగ చెప్పిన్రు గని, రోజుకు వంద మంది చేతులు పెట్టే బల్ల సంగతేంది? మెరుపు కోసం జబ్బులు తెచ్చుకుంటమా? అద్దం ఏపిచ్చుర్రి, పంచాయితీ ఒడుస్తది.

చెక్కపని: సబ్బునీళ్లు చాలన్నా. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, గుడ్డని చుక్క కారకుండా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డ. రోజువారీ మురికికి అంతకు మించి అక్కర్లేదు. అద్దం వేస్తే మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు పెట్టండి. లేకపోతే కింద చెమ్మ చేరి పాలిష్ తెల్లగా పొంగుతుంది. టీ గ్లాసు కింద పడే తెల్లటి వలయం కూడా ఆ చెమ్మ పనే.

పద్దులరావు: ఇన్ని జాగ్రత్తలెందుకు? ఒకసారి గీకించి పీయూ కొట్టిస్తే పీడా పోతుంది.

చెక్కపని: పోతుంది, గీత పడేదాకా. లక్క పాలిష్ మీద గీత పడితే ఆ ఒక్కచోటే రుద్ది కలిపేయొచ్చు. పీయూకి అలా అతుకు కలవదు, పైపలక మొత్తం మళ్లీ గీకాలి.

గోదారిగట్టు: మా నాన్నగారి బల్లకి ఏటా దసరాకి కొబ్బరినూనె రాసేవాళ్లం. నిగనిగలాడేది!

చెక్కపని: ఆ పూటకి నిగనిగలాడుతుంది గురువుగారూ. వారం తిరిగేసరికి దుమ్ముపట్టి నల్ల జిడ్డు. దసరా అన్నారు కాబట్టి, ఆయుధపూజకి తెల్ల సన్‌మైకా మీద పసుపు బొట్లు నేరుగా పెట్టకండి, కాగితం అంటించి దాని మీద పెట్టండి. మరక పడిపోతే గీకొద్దు. ఎండ తగిలే చోటుంటే పసుపు దానంతటదే పాలిపోతుంది.

పొద్దున్నే డ్యూటీ: నేను హౌస్‌కీపింగ్ పనిచేస్తా. అందరూ చెప్పేవాళ్లే. స్టాఫ్ వచ్చేలోపు హాలంతా బల్లలు, బాత్రూములు, మెట్లు మేమే చెయ్యాలి. స్పిరిట్ ఎందుకు కొడతామంటే చప్పున ఆరిపోతుంది, రెండోసారి తుడిచే పని లేదు. సబ్బునీళ్లంటే రెండు గుడ్డలు, బకెట్టు, ఇంకో అరగంట. ఆ అరగంట ఎవరిస్తారు? మాకిచ్చేది ఒక్క సీసా, ఒక్క గుడ్డ. బాత్రూం తలుపు తుడిచిందీ అదే, మీ బల్ల తుడిచేదీ అదే. శుభ్రం గురించి మాట్లాడితే ముందు దాని గురించి మాట్లాడండి.

బేగంపేట్ బస్సు: గిది అసలు మాట.

చెక్కపని: ఒప్పుకుంటా. అయితే టేకు బల్లల్ని రోజూ తడిపే పని కూడా లేదు. రోజూ పొడిగుడ్డ, వారానికోసారి సబ్బుగుడ్డ. సన్‌మైకావాటికి స్పిరిట్ కొట్టుకోండి, కానీ గుడ్డ మీద కొట్టి తుడవండి. అంచు పట్టీ సందులోంచి తడి దిగితే లోపలి పార్టికల్ బోర్డు ఉబ్బుతుంది. ఉబ్బిందంటే ఇక దిగదు.

ముందుగది: అడుగున దూది అద్ది చూశాం, ఎర్రగా అంటింది. వెనక గదికి వేరే గుడ్డలు ఇండెంట్ పెట్టాను. అరగంట సంగతి అడిగితే మేనేజరుగారు "ఏజెన్సీతో మాట్లాడాలి" అన్నారు. ఈలోగా ఆ జిగట పోవడానికేమన్నా చెయ్యొచ్చా?

చెక్కపని: ముందు శానిటైజర్ ఆపించండి. కొన్నాళ్లు ఫైళ్లు పెట్టకుండా గాలికి ఆరనివ్వండి. అప్పటికీ గట్టిపడకపోతే పాలిష్ మేస్త్రీని పిలవాల్సిందే.