బైక్ ట్యాక్సీ ప్రమాదంలో చెల్లికి కాలు విరిగింది, పరిహారం ఎవరిని అడగాలి?

లింగంపల్లి లోకల్:
అందరికీ నమస్తే. పోయిన నెల మా చెల్లెలు ఆఫీసు నుంచి వస్తూ యాప్‌లో బైక్ ట్యాక్సీ బుక్ చేసుకుంది. గచ్చిబౌలి దగ్గర ఒక వాటర్ ట్యాంకర్ ఇండికేటర్ వేయకుండా ఎడమకు తిప్పేసరికి పక్కన వెళ్తున్న బైక్‌కు తగిలి ఇద్దరూ పడ్డారు. కెప్టెన్‌కు, అంటే బైక్ నడిపే అతనికి, గీరుకుపోయింది అంతే. చెల్లికి మోకాలి కింద ఎముక విరిగి ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ట్యాంకర్ ఆగలేదు కానీ అక్కడి టిఫిన్ సెంటర్ ఆయన నంబర్ చూసి రాసిపెట్టాడు.
యాప్‌లో కంప్లయింట్ పెడితే మీ భద్రతే మాకు ముఖ్యం అని ఒక మెయిల్ వచ్చింది, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. కెప్టెన్ మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నాడు. "అన్నా, కేసు వద్దు, ఇరవై వేలు సర్దుతా, నా ఐడీ బ్లాక్ అయితే ఇల్లు గడవదు" అంటాడు. బిల్లు మూడు లక్షలు దాటింది, ఆఫీసు మెడిక్లెయిమ్ కొంతే కట్టింది. చెల్లిది కాంట్రాక్ట్ ఉద్యోగం, వెళ్లకపోతే జీతం లేదు. ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే చెప్పండి.

బీరంగూడ బ్రో:
యాప్ మీద కన్స్యూమర్ కోర్టులో వెయ్ బ్రో. పెద్ద కంపెనీ, గట్టిగా గుంజొచ్చు.

కోర్టుపక్షి:
నేను లాయర్ని కాదు, మోటారు ప్రమాదాల కేసులు చూసే లాయరు గారి దగ్గర గుమాస్తాని. రోజూ ఈ ఫైళ్లే మోస్తాను కాబట్టి చెబుతున్నా.
బ్రో చెప్పినట్టు కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చు. కానీ మేం రైడ్ కలిపే టెక్నాలజీ కంపెనీ మాత్రమే, డ్రైవర్ మా ఉద్యోగి కాదు అని వాళ్ల వాదన ఎప్పుడూ రెడీగా ఉంటుంది. దాని వెంట పడితే ఏళ్లు పడుతుంది. అసలు డబ్బు వచ్చే దారి వేరే ఉంది, అది బండ్ల ఇన్సూరెన్స్. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్, మేం ఓపీ అంటాం. యాప్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి, పోయేదేం లేదు. ఆశ మాత్రం అక్కడ పెట్టుకోకండి.
మీ కేసులో బండ్లు రెండు. బైక్ ప్లేటు తెల్లదా (సొంత బండి) పసుపుదా (కిరాయి బండి)? నూటికి తొంభై తెల్లదే అయి ఉంటుంది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద కిరాయికి తిప్పాడు కాబట్టి ఆ ఇన్సూరెన్స్ కంపెనీ మొదటి రోజే చేతులెత్తేస్తుంది. పైగా అది థర్డ్ పార్టీ (బయటివాళ్లకు జరిగే నష్టానికి) మాత్రమే ఉన్న పాలసీ అయితే వెనక కూర్చున్న మనిషికి వర్తించదని 2006లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ప్యాకేజీ పాలసీ, అంటే సొంత బండి నష్టం కూడా కలిపి తీసుకున్నది, అయితే కొంత మెరుగు. కొన్ని కేసుల్లో ముందు మీరు చెల్లించండి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోండి అని ట్రిబ్యునల్ ఇన్సూరెన్స్ కంపెనీకి చెబుతుంది. అన్ని కేసుల్లో చెప్పదు.
ట్యాంకర్ సంగతి అలా కాదు. దానికి మీ చెల్లి నికార్సైన థర్డ్ పార్టీ. ఆ పాలసీ బతికి ఉంటే చాలు. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబర్ కొట్టి ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో ఈ రాత్రికే చూడండి. తప్పు ఇద్దరు డ్రైవర్లదీ అని తేలినా ఇబ్బంది లేదు. వెనక కూర్చున్న మనిషి ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి వాటా ఎంతన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.
అందుకే అడుగుతున్నా, ఎఫ్ఐఆర్‌లో ట్యాంకర్ నంబర్ ఉందా?

లింగంపల్లి లోకల్:
అన్నా, ఇప్పుడే తీసి చూశాను. బైక్ తెల్ల ప్లేటే. ఎఫ్ఐఆర్ కెప్టెన్ చెప్పినదాన్ని బట్టి రాశారు, "బండి అదుపు తప్పి జారి పడటం వల్ల" అని ఉంది. ట్యాంకర్ ఊసే లేదు. డిశ్చార్జ్ సమ్మరీలో కూడా బైక్ స్కిడ్ అనే ఉంది. చెల్లి అప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో ఉంది, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

నైట్ డ్యూటీ సిస్టర్:
క్యాజువాలిటీలో పని చేస్తాను. ఇది రోజూ చూసేదే. పేషెంట్ నొప్పితో అరుస్తుంటుంది, తీసుకొచ్చిన మనిషి "బండి స్కిడ్ అయింది సిస్టర్" అంటాడు. డ్యూటీ డాక్టర్ అదే కేస్ షీట్ మొదటి లైన్లో రాస్తారు, అదే ఎంఎల్‌సీ (పోలీసు కేసుల) రిజిస్టర్‌లోకి వెళ్తుంది, అదే డిశ్చార్జ్ సమ్మరీలోకి దిగుతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ ఆ ఒక్క లైను పట్టుకుని ఇన్సూరెన్స్ లాయర్లు మా డాక్టర్లను కోర్టుకు పిలిపిస్తారు.
దయచేసి కేస్ షీట్ దిద్దమని ఆస్పత్రి మీదికి వెళ్లకండి. దిద్దరు. దిద్దితే మీకే నష్టం, కొట్టివేత కనిపించిందంటే మొత్తం షీట్‌నే అనుమానిస్తారు. కానీ ఆ సమాచారం ఎవరు ఇచ్చారో షీట్‌లో రాసి ఉంటుంది, "తీసుకొచ్చిన వ్యక్తి చెప్పిన ప్రకారం" అనో, పేరుతోనో. ఆ పేజీ కాపీ కోసం మెడికల్ రికార్డ్స్ విభాగంలో దరఖాస్తు పెట్టండి. చెప్పింది మీ చెల్లి కాదని అదే చూపిస్తుంది.

కోర్టుపక్షి:
సిస్టర్ గారు వంద మాటల్లో చెప్పాల్సింది ఒక్క మాటలో చెప్పారు. లోకల్ అన్నా, రేపే స్టేషన్‌కు వెళ్లండి. చెల్లి వాంగ్మూలం రికార్డ్ చేయమని రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. నడవలేదు కాబట్టి ఇంటికే వచ్చి తీసుకోమనండి, ఆడవాళ్లను వాంగ్మూలం కోసం స్టేషన్‌కు పిలవకూడదన్న రూలు ఎలాగూ ఉంది. టిఫిన్ సెంటర్ ఆయన సాక్ష్యం కూడా. పక్క షాపుల సీసీ కెమెరాలు ఏమన్నా ఉంటే వెంటనే అడగండి, చాలా వాటిలో కొద్ది వారాలకే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. దర్యాప్తులో ట్యాంకర్ డ్రైవర్‌ను నిందితుడిగా చేర్చి చార్జిషీటు వేస్తే మీ కేసు కుదుటపడినట్టే. స్టేషన్‌లో కదలిక లేకపోతే ఏసీపీకి రిజిస్టర్డ్ పోస్టు.
2022 ఏప్రిల్ నుంచి రూల్స్ మారాయి. ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు పోలీసులే ట్రిబ్యునల్‌కు పంపాలి. వాళ్లు పంపుతారులే అని కూర్చోవద్దు. పిటిషన్‌కు ఆరు నెలల గడువు కూడా అప్పుడే వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది, అది తేలేదాకా ఆలస్యం పేరుతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చారు. అయినా సరే, ఆరు నెలల్లోపే వేసేయండి.

పసుపు ప్లేటు:
నేను క్యాబ్ నడుపుతా. ఆ కెప్టెన్ మాటకు కరిగిపోకండి, అట్లని అతన్ని తిట్టకండి కూడా. అతని భయం నిజమే, యాక్సిడెంట్ అయిందని తెలిస్తే ఐడీ ఆపేస్తారు, ఎందుకు ఆపారో చెప్పే మనిషి ఫోన్లో దొరకడు. కానీ తప్పు ట్యాంకర్‌ది అయితే కేసు సరిగ్గా నడవడం అతనికీ మంచిదే. స్కిడ్ అని రాయిస్తే మొత్తం అతని నెత్తి మీదికే వస్తుంది, ఆ ముక్క అతనికి అర్థమయ్యేటట్టు చెప్పండి. మీకు సాక్షి అయితడు.
పసుపు ప్లేటు క్యాబ్‌లో దెబ్బ తగిలినవాళ్లకు ఒక మాట. మా పాలసీ ప్యాసింజర్లకు కూడా వర్తిస్తది, మేం దానికి వేరే ప్రీమియం కడతాం. డ్రైవర్‌కు బ్యాడ్జి (కిరాయి బండి నడిపే అనుమతి) లేదు కాబట్టి ఇయ్యం అని కంపెనీలు అంటుండే. మామూలు ఎల్ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్సుతో ఏడున్నర టన్నుల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ సాకు ఇప్పుడు నడవదు.

బీరంగూడ బ్రో:
హెల్మెట్ పెట్టుకుందా? లేకపోతే సగం కోసేస్తారంట కదా.

కోర్టుపక్షి:
విరిగింది కాలు బ్రో. హెల్మెట్ ఉంటే ఎముక విరిగేది కాదా? కంపెనీ లాయరు ఆ వాదన తప్పకుండా తెస్తాడు. దెబ్బకూ ఆ ఉల్లంఘనకూ సంబంధం ఉంటేనే కోత పెట్టాలి. తలకు దెబ్బ అయితే వేరే సంగతి.

విజయనగరం మాస్టారు:
మా అబ్బాయి హైదరాబాదులో క్యాబ్‌లో వెళ్తుండగా వెనక నుంచి లారీ గుద్దింది. మణికట్టు విరిగింది. అక్కడికీ ఇక్కడికీ ఎవరు తిరుగుతారని భయపడ్డాం కానీ, బాధితుడు ఉండే ఊళ్లో కూడా ఓపీ వేయొచ్చని మా ప్లీడరు గారు చెప్పారు. విజయనగరంలోనే వేశాం. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకున్నాం. అడిగినంత రాలేదు, వచ్చింది మాత్రం త్వరగా వచ్చింది. వాయిదాలకు తిరిగి తిరిగి చెప్పులు అరిగేకంటే అదే నయమండి. మీరూ ఆలోచించండి బాబూ.

కోర్టుపక్షి:
మాస్టారూ, మీ విషయంలో సరైనదే. చెయ్యి అతుక్కుంది, ఇక పెరిగే నష్టం లేదు. ఈ అమ్మాయి విషయంలో ఇప్పుడే రాజీకి వెళ్లొద్దంటాను. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. రాడ్ తీయడానికి ఇంకో ఆపరేషన్ పడొచ్చు, మోకాలు ఎంత వంగుతుందో ఇంకా తెలీదు. ట్రీట్‌మెంట్ పూర్తయి వైకల్యం ఎంతో తేలాక అప్పుడు బేరానికి కూర్చోండి.

లింగంపల్లి లోకల్:
ఎంత వస్తుందో ఉజ్జాయింపుగానైనా తెలుస్తుందా? ఒక్కొక్కరూ ఒక్కో అంకె చెబుతున్నారు, టెన్షన్ పెరుగుతోంది. చెల్లికి 27 ఏళ్లు, జీతం ముప్పై వేలు.

కోర్టుపక్షి:
అంకె ఎవరు గ్యారంటీగా చెప్పినా నమ్మొద్దు. లెక్క ఎలా వేస్తారో చెబుతా. ఏడాది జీతం 3,60,000. 40 ఏళ్ల లోపు, పర్మనెంట్ ఉద్యోగం కాదు కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, 5,04,000 అయింది. సంపాదించే శక్తి 15 శాతం తగ్గిందని ట్రిబ్యునల్ అనుకుంటే ఏడాదికి నష్టం 75,600. 26 నుంచి 30 ఏళ్ల వాళ్లకు సరళా వర్మ తీర్పు పట్టికలో గుణకం 17. గుణిస్తే 12,85,200. దీనికి ఆస్పత్రి ఖర్చు, పోయిన జీతం, సాయంగా ఉన్న మనిషి ఖర్చు, ఆటో చార్జీలు, నొప్పి బాధ కింద కొంత. పిటిషన్ వేసిన తేదీ నుంచి వడ్డీ.
గొడవంతా ఆ 15 దగ్గరే. డాక్టరు కాలికి 30 శాతం వైకల్యం అని రాసిచ్చినా ట్రిబ్యునల్ 30 తీసుకోదు. 2011లో రాజ్ కుమార్ కేసు తీర్పులో ఉదాహరణ కూడా ఇచ్చారు: ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. మీ చెల్లి కుర్చీలో కూర్చుని చేసే పని కదా అని కంపెనీ సున్నా అంటుంది. కాంట్రాక్ట్ రెన్యువల్ ఆగిపోతే ఆ మెయిల్ దాచండి, హెచ్ఆర్ దగ్గర జీతం కోత లెటర్ తీసుకోండి. సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉన్నా, దాన్ని ఇచ్చిన డాక్టరో ఆపరేషన్ చేసిన డాక్టరో వచ్చి సాక్ష్యం చెబితేనే బలం.

ఇర్వింగ్ ఇంటాయన:
టెక్సస్ నుంచి. ఇక్కడ లెక్క తలకిందులు. రైడ్ నడుస్తున్నంతసేపూ యాప్ కంపెనీ తరఫున పది లక్షల డాలర్ల లయబిలిటీ కవర్ ఉండాలని చట్టమే చెబుతుంది. డ్రైవర్ యాప్ ఆన్ చేసి రైడ్ కోసం చూస్తున్నప్పుడైతే బాగా తక్కువ, మనిషికి 50 వేల డాలర్లు. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు రైడ్‌లో దెబ్బ తగిలింది. ఇన్సూరెన్స్ అడ్జస్టర్ (క్లెయిమ్ చూసే కంపెనీ మనిషి) చాలా మర్యాదగా ఫోన్ చేసి హౌ ఆర్ యూ అన్నాడు, ఆవిడ మన పద్ధతిలో ఫైన్ ఫైన్ అనేసింది. కాల్ రికార్డ్ అవుతోంది! ఇక్కడున్నవాళ్లు లాయర్‌తో మాట్లాడకుండా ఆ కాల్ ఎత్తొద్దు. దావాకు గడువు రెండేళ్లు. ప్రమాదం జరిగిన 72 గంటల్లో ఆస్పత్రిలో చేరితే వాళ్ల బిల్లు మీ సెటిల్‌మెంట్ మీద లీన్‌గా, అంటే ముందు వాళ్లకే కట్టాల్సిన హక్కుగా, కూర్చుంటుంది, చేతికి వచ్చేది అది పోగా మిగిలిందే. లాయర్లు మామూలుగా మూడో వంతు తీసుకుంటారు.

పసుపు ప్లేటు:
మూడో వంతా? మన దగ్గర కూడా పర్సంటేజీ అడుగుతరు కదా.

కోర్టుపక్షి:
అడుగుతారు, కానీ బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మన దేశంలో అది నిషిద్ధం. ఫీజు ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టించుకోండి. ఆస్పత్రి వార్డుల్లో తిరుగుతూ "మేం చూసుకుంటాం, సంతకం పెట్టండి" అనే ఏజెంట్లకు ఖాళీ వకాలత్, ఖాళీ చెక్కు ఇవ్వొద్దు. డబ్బు చెల్లి సొంత బ్యాంకు ఖాతాలోనే పడాలి.

లింగంపల్లి లోకల్:
అందరికీ థ్యాంక్స్. స్టేషన్‌లో అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. ట్యాంకర్‌కు ఇన్సూరెన్స్ ఉంది. కెప్టెన్‌తో పసుపు ప్లేటు అన్న చెప్పినట్టే మాట్లాడాను, సాక్ష్యం చెబుతానన్నాడు, చూడాలి. ఒక్క డౌట్. మెడిక్లెయిమ్ వాళ్లు ఒరిజినల్ బిల్లులన్నీ తీసుకున్నారు. ట్రిబ్యునల్‌కు ఏం చూపించాలి?

నైట్ డ్యూటీ సిస్టర్:
మా బిల్లింగ్‌లో అడిగితే డూప్లికేట్ బిల్లుల మీద ముద్ర వేసి ఇస్తారు. మందుల షాపు బిల్లులు వేరే, అవి కూడా అడగండి. ఎక్స్‌రే ఫిల్మ్‌లు మాత్రం ఎవరికీ ఒరిజినల్ ఇవ్వకండి.

కోర్టుపక్షి:
మెడిక్లెయిమ్ నుంచి ఎంత సెటిల్ చేశారో లెటర్ కూడా తీసుకోండి. ఆ మొత్తం తీసేయాలా వద్దా అన్నది హైకోర్టుల్లో ఒక్కోచోట ఒక్కో మాట. తీసేయకూడదని బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ 2025లో చెప్పింది, మీ లాయరు దాన్ని వాదనకు వాడుకోవచ్చు. యాప్‌లో ట్రిప్ ఇన్వాయిస్ ఉంటుంది, దాన్నీ స్క్రీన్‌షాట్‌గా కాకుండా మెయిల్‌కు వచ్చిన ఫైల్‌గానే ప్రింట్ తీయండి.