మెకానికల్ అయ్యాక ప్రెసిషన్ మెషినింగ్‌లో చేరొచ్చా? ఏడాదంతా షాప్ ఫ్లోర్ అంటున్నారు

ఖమ్మం కుర్రాడు:
అందరికీ నమస్తే. ఈ ఏడాదే మెకానికల్ పూర్తయింది. బాలానగర్‌లో లోహాన్ని కచ్చితమైన కొలతలకు కోసి విమాన విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీ గ్రాడ్యుయేట్ ట్రైనీగా రమ్మంది. నెలకు 18 వేలు, మొదటి ఏడాదంతా షిఫ్టుల్లో మెషిన్ల దగ్గరే ఉండాలట, పైగా రెండేళ్ల బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇమ్మంటున్నారు. నాన్నేమో "ఇంజినీరింగ్ చదివి లేత్ తిప్పుతావా, అది ఐటీఐ వాళ్ల పని, అమీర్‌పేటలో ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరు" అంటున్నారు. నాకు కాలేజీ వర్క్‌షాప్ రోజుల నుంచీ ఈ పనే ఇష్టం. కానీ ఏడాది ఆపరేటర్‌గా చేస్తే అక్కడే ఉండిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు చెప్పండి.

టూల్‌రూమ్ అన్న:
చేరు తమ్ముడూ. మెషిన్ దగ్గర నిలబడకుండా నేరుగా డిజైన్ సీట్లో కూర్చున్నవాళ్ల డ్రాయింగులు 16 ఏళ్లుగా చూస్తున్నాను, టూల్ వెళ్లని మూలలు పెడతారు, అవసరం లేని చోట 10 మైక్రాన్ల టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేస్తారు.

నా సంగతి చెప్తా. ట్రైనీగా ఉన్నప్పుడు మే నెల మధ్యాహ్నం అల్యూమినియం హౌసింగ్‌లకు 100 హెచ్7 బోర్ (గుండ్రటి రంధ్రం) తీశాం, అంటే దాని వ్యాసం 100.000 నుంచి 100.035 మి.మీ. మధ్య రావాలి. జాబ్ (మెషిన్ మీద కోస్తున్న ముక్క) ఇంకా వెచ్చగా ఉండగానే కొలిచాను, 100.015 వచ్చింది, బాగుందనుకుని ఎనిమిదీ అలాగే తీసి దింపేశాను. మర్నాడు ఇన్‌స్పెక్షన్ రూమ్‌లో 20 డిగ్రీల దగ్గర చూస్తే అన్నీ 99.99 దగ్గరున్నాయి. మీటరు పొడవు అల్యూమినియం ఒక్క డిగ్రీకి దాదాపు 23 మైక్రాన్లు పెరుగుతుంది, 100 మి.మీ. బోర్‌కి పది డిగ్రీలు ఎక్కువైనా అదే 23. ఈ లెక్క పరీక్షలో రాశాను, పనిలో మాత్రం గుర్తుకు రాలేదు. బోర్ చిన్నగా వచ్చింది కాబట్టి రాత్రంతా ఉండి మళ్లీ సెట్ చేసి తీశాం, పెద్దగా వచ్చుంటే ఎనిమిదీ స్క్రాపే. ఆ రాత్రి పక్కనే ఉండి, డయల్ గేజ్‌తో బోర్ సెంటర్ ఎలా పట్టాలో నేర్పింది ఐటీఐ చదివిన సెట్టరే (మెషిన్‌ని పనికి సిద్ధం చేసే ఆయన). ఇప్పటికీ ఆయన్ని గురువుగారనే పిలుస్తాను. మీ నాన్నగారికి ఇది కూడా చెప్పు.

క్వాలిటీ అక్క:
అన్న చెప్పింది నిజమే, కానీ షాప్ ఫ్లోర్ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. జాబ్ బిగించడం, బటన్ నొక్కడం, తీయడం, ఏడాదంతా ఇదే అయితే నువ్వు భయపడ్డదే జరుగుతుంది. సెట్టింగ్ నేర్పుతారా, ఆఫ్‌సెట్లు (మెషిన్‌లో టూల్ కొలతల సవరణలు) నిన్ను మార్చనిస్తారా, సీఎంఎం (కొలతలు తీసే కంప్యూటర్ మెషిన్) దగ్గర ఎన్ని నెలలు ఉంచుతారు, ఇవి చేరకముందే అడుగు. షాప్ చూపించమను, గేజ్‌ల (కొలిచే పరికరాల) మీద కాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసే పరీక్ష) స్టిక్కర్ తేదీ దాటిపోయిందేమో చూడు.

ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి జిరాక్స్‌లు ఇచ్చిరా. బాండ్‌లో మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం పెట్టు.

జీడీ అండ్ టీ (డ్రాయింగ్‌లో ఆకారం, స్థానం ఎంత తేడాతో ఉండొచ్చో చెప్పే గుర్తుల పద్ధతి) ఇప్పటి నుంచే చదువు. కాలేజీలో రెండు క్లాసుల్లో ముగించేస్తారు గానీ ఇక్కడ కస్టమర్‌తో మా వాదనంతా డేటమ్ (కొలతలు మొదలుపెట్టే ఆధారం) ఎక్కడ, పొజిషన్ తేడా ఎంత అన్న దాని మీదే. బాలానగర్‌లోనే 1968 నుంచి సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, టూల్ డిజైన్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల) కోర్సులు చెప్తారు, ఒకసారి వెళ్లి కనుక్కో.

ఖమ్మం కుర్రాడు:
థాంక్స్ అన్నా, అక్కా. ఫోన్ చేశాను, శనివారం షాప్ చూపిస్తామన్నారు. సర్టిఫికెట్ల సంగతి కనుక్కుని చెప్తామన్నారు. ఒక డౌట్, 25 హెచ్7 అంటే 21 మైక్రాన్లే కదా, 0.01 మి.మీ. చూపించే మైక్రోమీటర్ పరికరంతో కొలవొచ్చా?

టూల్‌రూమ్ అన్న:
కుదరదు. 21 మైక్రాన్లలో దానికి రెండు గీతలే పడతాయి. బోర్ గేజ్‌ని మాస్టర్ రింగ్‌లో (కచ్చితమైన కొలత తెలిసిన ఉంగరం లాంటి నమూనాలో) సున్నాకి సెట్ చేసి, 1 మైక్రాన్ చూపించే డయల్‌తో కొలుస్తాం. శనివారం వెళ్లినప్పుడు ఆ రింగ్‌ని ఎక్కడ పెడుతున్నారో చూడు. నూనె రాసి పెట్టెలో ఉంటే మంచిదే, చిప్స్ (లోహపు తురుము) మధ్య టేబుల్ మీద పడేసి ఉంటే మాత్రం అక్కడ చేరమని నేను చెప్పను.